కెమెరా మనది, బొమ్మ ఎవరిది? దీన్‌దయాళ్ స్టూడియో నుంచి పాతబస్తీ ఫంక్షన్ హాల్ దాకా

ఈ ఎపిసోడ్ కొంచెం పొడుగు, చాయ్ పక్కన పెట్టుకుని వినండి.

పెళ్లి వీడియోలు, చిన్న చిన్న యాడ్‌లు, యూట్యూబ్ పనులు ఫ్రీలాన్స్‌గా చేసే తమ్ముళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, కెమెరా నాది, లెన్సులు నావి, రాత్రి రెండింటి దాకా నిలబడి తీసింది నేను. మరి ఆ వీడియో నాదే కదా?" అని. పదేళ్ల కింద అడిగితే నేను కూడా "నీదే, ఇంకెవరిది?" అనేవాడిని. అట్లా అనుకుని ఒకసారి పెద్ద తప్పు చేసిన. ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు మనం నూట ముప్పై ఏళ్లు వెనక్కి పోదాం. ఎందుకంటే ఈ ప్రశ్న కొత్తది కాదు. మన హైదరాబాద్‌లో కెమెరా అడుగుపెట్టినప్పటి నుంచీ ఉంది.

మన ఊళ్లో ఫోటో తీసి బతికినవాళ్లలో మొదట చెప్పుకోవాల్సిన పేరు రాజా దీన్‌దయాళ్. పుట్టింది 1844లో, మీరట్ దగ్గర సర్ధనాలో. రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఉద్యోగం చేశాడు. ఫోటోగ్రఫీ అక్కడే పట్టుకుంది. చివరికి సర్కారు కొలువు వదిలేసి పూర్తిగా కెమెరానే నమ్ముకున్నాడు. నెల జీతం వదిలి, వచ్చిన ఆర్డర్‌తో బతకడం అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. 1880ల నడుమ హైదరాబాద్ వచ్చి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. 1894లో నిజాం ఆయనకు "రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్" అని బిరుదు ఇచ్చాడు. ముసవ్విర్ అంటే బొమ్మ గీసేవాడు, చిత్రకారుడు. 1896లో బొంబాయిలో ఇంకో స్టూడియో తెరిచాడు.

ఇక్కడ ఆయన పని పద్ధతిలో రెండు విషయాలు చూడండి. రెండూ ఇప్పటికీ మనకు పనికొచ్చేవే.

ఒకటి, నంబర్లు. అప్పట్లో ఫోటో అంటే గాజు పలక మీద నెగటివ్. ఆయన స్టూడియోలో నెగటివ్‌లకు నంబర్లు వేసేవాళ్లు. కస్టమర్‌కు వెళ్లేది ప్రింటు. నెగటివ్ మాత్రం స్టూడియోలోనే ఉండేది. కాబట్టి మళ్లీ ప్రింటు కావాలంటే మళ్లీ ఈయన దగ్గరికే రావాలి. ఆయన 1905లో పోయాడు. ఆ గాజు పలకలను కుటుంబం కాపాడుకుంది. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం ఆ నెగటివ్‌లను తీసుకుంది, రెండు వేల ఎనిమిది వందలకు పైగా. ఈరోజు చార్మినార్ అప్పుడెట్లా ఉండేది, చౌమహల్లా లోపల ఎట్లా ఉండేది అని మనం చూస్తున్నామంటే, ఆ పలకలు పగలకుండా, పోకుండా నంబర్‌తో ఉండబట్టే. మరి మనం? పెళ్లి అయిన మూడో రోజు మెమరీ కార్డు ఫార్మాట్ చేసేస్తాం, ఇంకో పెళ్లి ఉంది కదా అని.

రెండోది, జనానా స్టూడియో. 1892లో ఆయన హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసమే ప్రత్యేకంగా ఒక స్టూడియో పెట్టాడు. దాన్ని నడిపింది కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషావిడ. పర్దా పాటించే నవాబుల ఇళ్ల బేగంలు మగవాళ్ల ముందుకు రారు. కానీ వాళ్లకూ ఫోటో దిగాలని ఉంటుంది. దానికి దారి ఏమిటి? కెమెరా పట్టుకునేది ఆడమనిషి కావాలి, ఆ గదిలోకి మగవాడు రాకూడదు. దీన్‌దయాళ్ దాన్ని అర్థం చేసుకున్నాడు. అది మర్యాద, అదే సమయంలో వ్యాపారం కూడా. రెండూ ఒకదానికొకటి అడ్డం రాలేదు.

ఇప్పుడు పాతబస్తీలో ఏ ఫంక్షన్ హాల్‌కైనా వెళ్లండి. మాంఝా, సాంచక్, నికా, వలీమా, ఏ దావత్ అయినా మర్దానా ఒకవైపు, జనానా ఒకవైపు. జనానా వైపు కెమెరా పట్టుకునేది అమ్మాయిలే. ఆ అమ్మాయిల బతుకుదెరువు మొత్తం ఒక్క మాట మీద నిలబడి ఉంటుంది. ఆ మాట నమ్మకం. నేను చేసిన తప్పు సరిగ్గా అక్కడే.

2013లో మొఘల్‌పురా వైపు ఒక కుటుంబం వలీమా పని మాకు ఇచ్చింది. మర్దానా నేను తీసిన, జనానా మా టీంలో ఉన్న ఒక అక్క తీసింది. ఎడిటింగ్ నేనే. వీడియో బాగా వచ్చింది. హాల్ మేనేజర్ చూసి, "ఒక నిమిషం క్లిప్ ఇయ్యి భాయ్, మా హాల్ ఎట్లుంటదో జనాలకు చూపిస్తా, నీ పేరు కూడా వేస్తా" అన్నాడు. నేను పొంగిపోయిన. నా పేరు పడుతుంది, నాలుగు ఆర్డర్లు వస్తాయి అనుకున్న. డెకరేషన్, లైట్లు, స్టేజీ ఉన్న ముక్కలు కోసి ఇచ్చిన. అందులో జనానా వైపు స్టేజీ షాట్ ఒకటి ఉంది. రెండు సెకన్లు. మూలన పెళ్లికూతురు మొహం కనిపిస్తోంది. నేను పూలు చూసిన, మొహం చూడలేదు.

అది ఫేస్‌బుక్‌లోకి పోయింది. రెండో రోజు పొద్దున పెళ్లికూతురు తండ్రి మా షాపుకు వచ్చాడు. అరుస్తాడేమో అనుకున్న. అరవలేదు. కుర్చీలో కూర్చుని, ఫోన్ నా ముందు పెట్టి, "బేటా, నా బిడ్డ మొహం అందరి ఫోన్లల్ల తిరుగుతుంది. మీ అక్కను నమ్మి లోపలికి పంపినం గదా" అన్నాడు. "చాచా, తప్పయింది" అనడం తప్ప నా దగ్గర ఇంకో మాట లేదు. క్లిప్ తీయించిన. కానీ అప్పటికే ఎంతమంది దాచుకున్నారో ఎవరికి తెలుసు? నాకు రావాల్సిన మిగతా డబ్బు నేను అడగలేదు. ఆ అక్కకు మాత్రం చాలా నెలలు ఆ గల్లీల నుంచి ఒక్క ఫోన్ రాలేదు. ఆమె చేసిన తప్పు ఏదీ లేదు.

ఆ తర్వాతే నేను చట్టం పుస్తకం తెరిచిన. నేను వకీలును కాదు, ముందే చెప్తున్నా. నా పని కోసం చదువుకున్నది, అడిగి తెలుసుకున్నది చెప్తాను. మీ కేసు మీద పడితే మంచి వకీలును కలవండి.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దానిలో సెక్షన్ 17 అసలు యజమాని ఎవరో చెప్తుంది. మామూలుగా సృష్టించినవాడే మొదటి యజమాని. కానీ దాని కిందే ఒక మినహాయింపు ఉంది. ఎవరైనా డబ్బు ఇచ్చి, ఆర్డర్ ఇచ్చి తీయించుకున్న ఫోటో గానీ, పోర్ట్రెయిట్ గానీ, సినిమా గానీ అయితే, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే మొదటి యజమాని. చట్టం భాషలో వీడియో కూడా సినిమా కిందకే వస్తుంది. అంటే ఆ వలీమా వీడియో ఆ చాచాది. కెమెరా నాదైనా, కష్టం నాదైనా, హాల్ మేనేజర్‌కు ఒక్క సెకను ఇచ్చే హక్కు నాకు లేదు.

ఇది 1957లో పుట్టిన రూలు కూడా కాదు. 1911 నాటి బ్రిటిష్ కాపీరైట్ చట్టంలో ఆర్డర్ మీద తీసిన ఫోటో గురించి ఇట్లాంటి మాటే ఉంది. దాన్నే 1914లో బ్రిటిష్ ఇండియాకు తెచ్చారు. స్వాతంత్ర్యం వచ్చాక మన చట్టంలోకి కూడా అది వచ్చింది. వందేళ్ల పైబడి నడుస్తున్న రూలు, మనకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

సరే, ఇప్పుడు ఇంకో కథ. ఈసారి సినిమా తీసినవాడిది.

ధీరేంద్రనాథ్ గంగూలీ అని ఒక బెంగాలీ. ధీరేన్ గంగూలీ అంటారు. చిత్రకారుడు, నటుడు. హైదరాబాద్‌లో నిజాం ఆర్ట్ కాలేజీలో హెడ్‌మాస్టర్‌గా పనిచేశాడు. తర్వాత కలకత్తా వెళ్లి మూకీలు తీశాడు. "బిలాత్ ఫెరత్" అనే కామెడీతో పేరొచ్చింది. మళ్లీ హైదరాబాద్ వచ్చి 1922లో లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టాడు. అప్పుడు ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలం. నిజాం అండ ఉంది. కంపెనీ ఇక్కడే సినిమాలు తీసింది, సినిమా హాళ్లు కూడా నడిపింది. ఒక్కసారి ఆలోచించండి, తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద" వచ్చింది 1932లో. దానికి పదేళ్ల ముందే మన ఊళ్లో ఒక సినిమా కంపెనీ నడుస్తోంది.

1924లో గంగూలీ తన హాల్‌లో "రజియా బేగం" అనే మూకీ వేశాడు. ఆయన తీసింది కాదు, బొంబాయిలో తీసినది. ముస్లిం రాణికి, హిందువుకు మధ్య ప్రేమ కథ. నిజాంకు కోపం వచ్చింది. రాజ్యం వదిలి పొమ్మని ఆజ్ఞ అయింది. అంతే, లోటస్ కంపెనీ మూతపడింది. స్టూడియో, హాళ్లు, జనాలకు ఇచ్చిన పని, అన్నీ ఒక్క ఆజ్ఞతో పోయాయి. గంగూలీ కలకత్తా వెళ్లి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. చివరికి 1975 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు కూడా వచ్చింది. కానీ హైదరాబాద్ సినిమా మాత్రం ఆ రోజు ఆగిపోయి, మళ్లీ లేవడానికి చాలా కాలం పట్టింది.

ఈ కథను చాలామంది మత గొడవగా చెప్తారు. అది ఉంది, కాదనను. కానీ పని చేసుకునేవాడి వైపు నుంచి చూస్తే నాకు ఇంకోటి కనిపిస్తుంది. అప్పటికి బ్రిటిష్ ఇండియాలో 1918 సినిమాటోగ్రాఫ్ చట్టం ఉంది. 1920లో బొంబాయి, కలకత్తా, మద్రాసులో సెన్సార్ బోర్డులు వచ్చాయి. మంచో చెడో, ఒక కాగితం ఇచ్చేవాళ్లు. నిజాం రాజ్యంలో ఆ బోర్డుల మాట చెల్లదు. గంగూలీని నిలబెట్టింది దొరవారి దయ. దయ ఉన్నన్నాళ్లు అన్నీ ఉన్నాయి. అది పోయిన రోజు, "నాకు ఈ హక్కు ఉంది" అని చూపించడానికి ఏమీ లేదు.

మనం కూడా ఇప్పటికీ దయ మీదే బతుకుతున్నాం కదా? "తెలిసినోడే, ఇస్తాడులే." "పెద్ద స్టూడియో, మోసం చేయరులే." "పర్మిషన్ దేనికి, మన గల్లీనే గదా." ఈ మూడు మాటలు నేను ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు. ఒక్కొక్కటి చూద్దాం.

మొదటిది డబ్బు. నోటి మాట ఒప్పందం కూడా చెల్లుతుంది. కానీ నిరూపించాలి. ఏమీ కుదరకపోతే వాట్సాప్‌లో అయినా రాయండి: ఏ పని, ఎన్ని గంటలు, ఎన్ని కెమెరాలు, ఎంత, ఎప్పుడు, ఎన్నిసార్లు మార్పులు చేస్తారు. అవతలివాళ్లు "ఓకే" అంటే ఆ చాట్ దాచుకోండి. ఎలక్ట్రానిక్ రికార్డు కోర్టులో సాక్ష్యంగా పనికొస్తుంది, దానికి ఒక సర్టిఫికెట్ జతచేయాలి. బాకీ కోసం దావా వేయడానికి మామూలుగా మూడేళ్ల గడువు. మొహమాటంతో నాలుగో ఏడు దాకా ఊరుకుంటే అంతే సంగతులు.

ఇంకోటి, ఉద్యం రిజిస్ట్రేషన్ చేసుకోండి. ఆన్‌లైన్‌లో ఉచితం, ఒక్కరే పనిచేసుకునేవాళ్లు కూడా చేసుకోవచ్చు. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం, సూక్ష్మ, చిన్న సంస్థ దగ్గర పని చేయించుకున్నవాళ్లు ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో డబ్బు కట్టాలి. కట్టకపోతే రిజర్వ్ బ్యాంక్ బ్యాంకు రేటుకు మూడింతలు చక్రవడ్డీ. దానికి ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉంది, అక్కడ ఫిర్యాదు పెట్టుకోవచ్చు. కానీ రిజిస్ట్రేషన్ పని మొదలుపెట్టక ముందే చేసుకోండి. డబ్బు ఎగ్గొట్టాక చేసుకుంటే పాత బిల్లుకు పనికిరాకపోవచ్చు. కంపెనీలు టీడీఎస్ కోసి ఇస్తే, అది మీ పాన్ మీద జమ పడిందో లేదో చూసుకోండి. ఏడాదికి బిల్లులు 20 లక్షలు దాటితే జీఎస్టీ సంగతి కూడా చూసుకోవాలి.

రెండోది స్టూడియోలు. స్టూడియో మిమ్మల్ని రోజు కూలికి పిలిచి షూట్ చేయించుకుంటే, ఆ ఫుటేజ్ మీది కాదు. ఇప్పుడు చెప్పుకున్న రూలే. మీ షోరీల్‌లో పెట్టుకోవాలన్నా ముందే రాయించుకోవాలి. "నా పని చూపించడానికి ముప్పై సెకన్లు వాడుకుంటాను, మొహాలు లేకుండా" అని ఒక్క లైను చాలు. అదే మీరు రాసిన స్క్రిప్టు, మీరు కట్టిన ట్యూను అయితే లెక్క వేరు. ఫ్రీలాన్సర్‌గా అవి మామూలుగా మీవే. ఇంకొకరికి ఇవ్వాలంటే సెక్షన్ 19 ప్రకారం రాతపూర్వకంగా, సంతకంతో ఇవ్వాలి. ఎన్నేళ్లకు అని రాయకపోతే అయిదేళ్లకే ఇచ్చినట్టు. ఎక్కడ వాడుకోవాలో రాయకపోతే ఇండియా వరకే. ఈ రెండు ఖాళీలు వదిలేసి సంతకం పెట్టకండి, పెట్టించుకోకండి.

పాటల సంగతి కూడా ఇక్కడే చెప్తాను. బరాత్‌లో మర్ఫా కొట్టినా, పెళ్లిలో సినిమా పాట వేసినా కాపీరైట్ ఉల్లంఘన కాదు. సెక్షన్ 52లో పెళ్లి ఊరేగింపుకు, పెళ్లికి సంబంధించిన వేడుకలకు మినహాయింపు ఉంది. కేంద్ర ప్రభుత్వం 2023 జులైలో పబ్లిక్ నోటీసు ఇచ్చి ఇదే మాట మళ్లీ చెప్పింది. కానీ అదే పాటను మీ వీడియోకు అతికించి యూట్యూబ్‌లో పెడితే, అది పెళ్లి కాదు. స్ట్రైక్ పడితే నన్ను తిట్టుకోవద్దు.

మూడోది పర్మిషన్. చార్మినార్, గోల్కొండ కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్న కట్టడాలు. ఫోన్‌తో ఫోటో దిగడం వేరు, ట్రైపాడ్, లైట్లు, ఆర్టిస్టులతో షూటింగ్ వేరు. దానికి 1959 నాటి రూల్స్ ప్రకారం ముందస్తు అనుమతి కావాలి. పక్కనే ఉన్న మక్కా మసీదుకు ఆ అనుమతి పనికిరాదు, అక్కడి నిర్వాహకులను అడగాలి. చౌమహల్లా అయితే ప్యాలెస్ ట్రస్టును. నూరు అడుగుల్లో ముగ్గురు యజమానులు ఉండొచ్చు, అది పాతబస్తీ. డ్రోన్‌కు 2021 రూల్స్ ఉన్నాయి. 250 గ్రాములు, అంతకు లోపు ఉన్న నానో డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. కానీ "చిన్నదే గదా" అని ఎక్కడ పడితే అక్కడ ఎగరేయొద్దు. డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూడండి, పోలీసుల ఆంక్షలు ఉన్నాయేమో కనుక్కోండి.

ఇవన్నీ వింటే భయం వేస్తుంది, నాకూ వేసింది. కానీ ఒక్కటి ఆలోచించండి. దీన్‌దయాళ్‌కు నిజాం అండ ఉంది, గంగూలీకీ ఉంది. ఒకరి పలకలు నిలిచాయి, ఒకరి కంపెనీ పోయింది. ఇద్దరి రోజులు వేరు, పనులు వేరు, నేను కాదనను. కానీ దీన్‌దయాళ్ దయ వచ్చినప్పుడు కూడా నంబర్ రాసుకున్నాడు. జనానాకు వేరే గది కట్టాడు. ఎవరి హద్దు ఎక్కడుందో పని మొదలుపెట్టక ముందే గీసుకున్నాడు. నేను గీసుకోలేదు, ఆ చాచా బిడ్డకు, మా అక్కకు దాని ఫలితం తగిలింది.

ఇప్పుడు నా దగ్గర ఒక పేజీ ఒప్పందం ఉంది. ఒకవైపు తెలుగు, ఒకవైపు ఉర్దూ. పెళ్లి కార్డులు వేసే ఛత్తా బజార్‌లోనే అచ్చు వేయించిన. అడ్వాన్స్, మిగతా డబ్బు తేదీ, ఫుటేజ్ ఎన్నాళ్లు దాస్తాను, ఎవరికి ఇస్తాను, అన్నీ అందులో ఉన్నాయి. జనానా ఫుటేజ్ గురించి విడిగా ఒక పేరా ఉంది. దాన్ని ఆడవాళ్లే ఎడిట్ చేస్తారు, ఒక్క కాపీ ఇంటి ఆడవాళ్ల చేతికే ఇస్తారు, ఇచ్చిన పదిహేను రోజులకు మా దగ్గర చెరిపేస్తారు. ఆ పేరా నేను రాయలేదు, మా అక్క చెప్పింది, నేను రాసుకున్న. ఆమె మళ్లీ పనిలోకి వచ్చింది. ఇప్పుడు ఇంటివాళ్లకు ఆ కాగితం చదివి వినిపించేది ఆమే. సంతకం అయ్యాకే కెమెరా బ్యాగు తెరుస్తుంది.

మీరు కూడా ఈ వారం కూర్చుని మీ పేజీ రాసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో నా ఒప్పందంలో ఒక్కో లైను ఎందుకు రాసిందో చదివి చెప్తాను. అప్పటిదాకా జాగ్రత్త, కార్డులు ఫార్మాట్ చేసే ముందు ఒకసారి ఆలోచించండి. సెలవు, నమస్కారం.